సాలీడుకూ దీపానికీ నడుమ

బొమ్మ చూడక ముందే బొమ్మ కింద సంతకం చూసే అలవాటు ఈ దేశానికి ఎప్పుడు పట్టుకుందో ఏడాదితో సహా చెప్పొచ్చు. 1996. మక్బూల్ ఫిదా హుసేన్ 1970లలో గీసిన సరస్వతి రేఖాచిత్రాన్ని 'విచార్ మీమాంస' అనే హిందీ పత్రిక ఆ ఏడాది వెతికి తీసి అచ్చేసింది. ఇతను చిత్రకారుడా, కసాయివాడా అని శీర్షికలోనే అడిగింది. ఆ కసాయి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తిట్టాలనుకుంటే హిందీలోనైనా తెలుగులోనైనా మాటలకు కరువు లేదు. దొంగ అనొచ్చు, ద్రోహి అనొచ్చు. అవన్నీ వదిలేసి, మన పేటల్లో పొద్దున్నే దుకాణం తెరిచి కత్తి నూరుకుని నలుగురికీ కూర తూచి ఇచ్చే మనిషి బతుకుతెరువును ఏరుకొచ్చి తిట్టుగా వాడారు. హుసేన్ ఇంట్లో ఎవరూ ఆ పని చేసినవాళ్ళు కారు. ఆ వృత్తి అతని మతానికి వాళ్ళు అంటగట్టిన వృత్తి. అదే ఏడాది అక్టోబర్‌లో అహ్మదాబాద్‌లోని హెర్విట్జ్ గ్యాలరీ మీద బజరంగ్ దళ్ వాళ్ళు పడి అతని చిత్రాలను ధ్వంసం చేశారు.

అప్పట్నుంచి హుసేన్ మీద మన భాషలో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం వకాల్తాలే. తిట్టేవాళ్ళది ఒక వకాల్తా, వెనకేసుకొచ్చేవాళ్ళది ఇంకొకటి. రెంటిలోనూ బొమ్మ ఉండదు. భావప్రకటనా స్వేచ్ఛ ఉంటుంది, ఖజురహో ఉంటుంది, మనోభావాలు ఉంటాయి. బొమ్మలో ఎవరున్నారు, ఏం రంగు, ఏ చెయ్యి ఎటు తిరిగింది అన్న ఊసే ఉండదు. అందుకే ఈ గొడవ మొదలవడానికి సరిగ్గా నలభై ఏళ్ళ ముందటి ఒక చిత్రాన్ని తీసుకుని దాని ఎదుట కాసేపు నిలబడాలని నా ఆశ. 1956లో హుసేన్ బోర్డు మీద తైలవర్ణాలతో వేసిన ఆ చిత్రానికి తను పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పుకుంటే 'సాలీడుకూ దీపానికీ నడుమ'. దేవతల బొమ్మలకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన రోజులు అతనికి ఇంకా రాలేదు. తన దేశభక్తిని రుజువు చేసుకోవడానికి వేసిన బొమ్మ కాదది. ఎవర్నీ మెప్పించడానికి వేసిందీ కాదు. నిజానికి ఎవర్నీ మెప్పించలేదు కూడా. ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని గురించి చర్చ బాగానే జరిగిందట గానీ, 800 రూపాయలు పెట్టి కొనడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. బొమ్మ అతని దగ్గరే ఉండిపోయింది. తర్వాత చాలాకాలానికి హుసేన్ సొంత సేకరణ నుంచి అరువుగా ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరానికి చేరింది.

అప్పటికి హుసేన్ వయసు నలభై దాటింది. 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టి, ఇండోర్‌లో పెరిగి, బొంబాయి వీధుల్లో సినిమా హోర్డింగులు గీసి పొట్ట పోసుకున్నవాడు. 1947లో సూజా, రజా, ఆరా, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరాడు. 1948లో ఢిల్లీలో భారతీయ కళాఖండాల పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు సూజాతో పాటు వెళ్ళి చూశాడు. మథుర శిల్పాల్లోని స్త్రీమూర్తులూ, బసోలీ సూక్ష్మచిత్రాల్లోని ముదురు రంగులూ అక్కడే అతన్ని పట్టేశాయి. 1955లో 'జమీన్' చిత్రానికి లలితకళా అకాడమీ జాతీయ బహుమతి వచ్చింది. 'జమీన్'లో పల్లె ఉంది, ఎద్దులున్నాయి, పని ఉంది. కొత్త దేశం తన ముఖం తాను చూసుకుని మురిసిపోవడానికి తగిన బొమ్మ. ఏడాది తిరిగేసరికి వేసిన ఈ రెండో బొమ్మలో మురిసిపోవడానికి ఏమీ లేదు. బహుమతి తెచ్చిన దారి వదిలి పక్కకు తిరిగిన ఈ తెగింపే నాకు హుసేన్‌లో అన్నిటికంటే ఇష్టం.

బొమ్మలో ఐదుగురు స్త్రీలున్నారు. పాత గుడి రాళ్ళలోంచి దిగి వచ్చినట్టు బరువుగా, నిటారుగా ఉన్నారు. చుట్టూ ఇల్లు లేదు, చెట్టు లేదు, దూరాన కొండ లేదు. మట్టి ఛాయలు, మొరటు గీత. పైభాగంలో నూనె దీపం. దాని దరిదాపుల్లో ఏదో లిపి. ఒక స్త్రీ చేతి నుంచి దారం దిగింది, ఆ దారానికి పెద్ద సాలీడు వేలాడుతోంది. అంతే. కథ లేదు. ఒకరి పక్కన ఒకరు ఉన్నారే గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు అనిపించదు. మాట ఆగిపోయిన తర్వాతి క్షణమో, మొదలు కాకముందు క్షణమో తెలియదు. చావు కబురు వచ్చిన ఇంట్లో ఆడవాళ్ళు ఇలా ఉంటారు. పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందుగదిలో కూర్చుంటే లోపల ఆడవాళ్ళు కూడా ఇలాగే ఉంటారు. రెంటిలో ఏదో చిత్రకారుడు తేల్చలేదు. నేనూ తేల్చదలచుకోలేదు.

విమర్శకులు కొందరు తేల్చేశారు. ఐదుగురు కాబట్టి పంచకన్యలన్నారు. అహల్య, ద్రౌపది, కుంతి, తార, మండోదరి. ఎవరు అహల్య, ఎవరు మండోదరి అంటే బొమ్మలో ఆధారం లేదు. లెక్క కుదిరింది, పేర్లు అతికించారు. ఈ పద్ధతిలోనే పోతే మనవాళ్ళలో ఒకరు లేచి ఐదు అంటే పంజతన్ కదా, పీరు మీద ఐదు వేళ్ళ పంజా ఉండదా అనొచ్చు. అయితే పంజతన్‌లో ఉన్న స్త్రీ బీబీ ఫాతిమా ఒక్కరే, మిగతా నలుగురూ మగవాళ్ళు. లెక్క అక్కడ తప్పుతుంది కాబట్టి బతికిపోయాం. ప్రతీకను చదవడమంటే బొమ్మకు తాళంచెవి వెతకడమని మనకు కాలేజీల్లో నేర్పారు. తామరపువ్వు అంటే పవిత్రత, పావురం అంటే శాంతి. ఈ పద్ధతి పరీక్షలకు పనికొస్తుంది. హుసేన్ సాలీడు దానికి లొంగదు.

సాలీడునే తీసుకోండి. ముస్లిం ఇంట్లో పెరిగినవాడికి సాలీడు రెండు చోట్ల తగులుతుంది, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలబడతాయి. ఖురాన్‌లో 29వ సూరా పేరే అన్‌కబూత్, అంటే సాలెపురుగు. అల్లాహ్‌ను కాదని ఇతరుల అండ చూసుకునేవాళ్ళను అక్కడ సాలీడుతో పోల్చారు. ఇళ్ళన్నిటిలోకీ బలహీనమైనది సాలీడు ఇల్లని దాని భావం. ఇది గ్రంథంలో మాట. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చెప్పే కథ వేరు. హిజ్రత్ ప్రయాణంలో ప్రవక్త ముహమ్మద్ (స), అబూబక్ర్ సౌర్ కొండ గుహలో దాక్కున్నప్పుడు ఆ గుహ ముఖం మీద సాలీడు గూడు అల్లిందనీ, తరుముకొచ్చినవాళ్ళు చెక్కుచెదరని గూడును చూసి లోపల ఎవరూ ఉండరని వెనుదిరిగారనీ చెప్తారు. మా నానీ రంజాన్ ముందు ఇల్లు దులిపేటప్పుడు చీపురు కొసకు సాలీడు తగులుకుంటే విదిలించేది కాదు, మెల్లగా వాకిట్లో గోడకు ఆనించేది. "నక్కో మారో రే" అనేది. బల్లి కనిపిస్తే మాత్రం అదే చీపురు తిరగేసేది. ఇబ్రహీం ప్రవక్తను వేసిన మంటను బల్లి ఊదిందట, దానికి క్షమాపణ లేదు. ఆ ముసలమ్మకు ఖురాన్ అర్థం తెలియదు, హదీసుల విచారణ తెలియదు. గోడ మీద ఏ పురుగు మనది, ఏ పురుగు శత్రువో మాత్రం తెలుసు.

అన్నిటికంటే బలహీనమైన ఇల్లే ఒకనాడు అన్నిటికంటే గట్టి తలుపైందన్నమాట. ఈ రెండు అర్థాలూ తలలో ఉన్నవాడు సాలీడును చూసి భయపడడు, అలాగని ధైర్యంగానూ ఉండడు. హుసేన్ సులేమానీ బోహ్రా కుటుంబంలో, మతం చదువు మధ్యే పెరిగాడు. ఇవి అతనికి తెలియని విషయాలు కావు. అయినా బొమ్మలో ఆ సాలీడు గుహ ముందు లేదు. గూడు కూడా అల్లలేదు. ఒక స్త్రీ వేలి నుంచి వేలాడుతోంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె దాన్ని పట్టుకుందనుకున్నాను. సాలీడు తన దారం తన పొట్టలోంచే తీసుకుంటుంది గదా. ఆమె వేలు దానికి దూలం మాత్రమే. ఎవరు ఎవర్ని పట్టుకున్నారు? ఆమె చెయ్యి బిగుసుకుపోయి ఉంది. విదిలించే చెయ్యి అలా ఉండదు, ఆడించే చెయ్యి కూడా అలా ఉండదు. తన మీద ఏదో దిగిందని తెలిసి, కదిలితే ఏమవుతుందో తెలియక ఆగిన చెయ్యి అది. డిసెంబర్ 6 తర్వాత మన ఇళ్ళల్లో చేతులు కొన్నాళ్ళు ఇలాగే ఉన్నాయని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. 1956 బొమ్మకు 1992ను అంటగడుతున్నానని తెలుసు. బొమ్మ చూసేవాడు తన కళ్ళు ఇంట్లో పెట్టి రాలేడు.

తెలుగు నేల మీద పెరిగిన కళ్ళు ఇంకా ఒకటి చూస్తాయి. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. మా బడిలో తెలుగు పంతులుగారు ఈ కథ చెప్పినప్పుడు తరగతిలో ఎక్కువమంది ఏనుగు పక్షం, నేను సాలీడు పక్షం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఆ కథ విస్తరించి చెప్పాడు. శివలింగానికి గుడి లేదని సాలీడు తన దారంతోనే గోపురాలు, ప్రాకారాలు అల్లుతుంది. దీపం మంట తగిలి అంతా కాలిపోతుంది. కోపం వచ్చిన సాలీడు వెళ్ళి ఆ దీపాన్నే మింగబోతుంది. సాలీడూ దీపమూ రెండూ ఉన్న కథ మన పక్కనే ఉండగా హుసేన్ బొమ్మ మీద రాసిన తెలుగువాళ్ళు దీన్ని ఎత్తలేదంటే నాకు ఆశ్చర్యమే. హుసేన్‌కు ఈ కథ తెలుసని నేను అనడం లేదు. బహుశా తెలియకపోవచ్చు. ఒక ముస్లిం చిత్రకారుడు మరాఠీ, హిందీ, ఉర్దూ నేలల్లో తిరిగి పట్టుకున్న రెండు వస్తువులు తెలుగువాడి గుడిలో అప్పటికే ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయన్నది మాత్రం నిజం. గుహ దగ్గర సాలీడు గూడు నిలబడి కాపాడింది. కాళహస్తిలో సాలీడు కట్టిన గుడిని దీపం కాల్చేసింది. వెలుగు ఎప్పుడూ మేలే చేస్తుందని నమ్మేవాళ్ళకు రెండో కథ ఇబ్బంది పెడుతుంది. హుసేన్ బొమ్మలో దీపం ఉన్నా చీకటి పోలేదెందుకని అడిగేవాళ్ళకు నాకు తోచే జవాబు ఆ కథలోనే ఉంది.

ఇక దీపం. హుసేన్ తాత ఇండోర్‌లో దీపాలు చేసే పనివాడు. పసివాడిగా ఉన్నప్పుడే తల్లి పోతే హుసేన్ ఆ తాత చాటునే తిరిగాడు. లాంతరు, గొడుగు, చెప్పు అతని బొమ్మల్లో పదే పదే రావడం చూస్తాం. 1967లో బెర్లిన్‌లో బహుమతి పొందిన లఘుచిత్రంలో కూడా రాజస్థాన్ ఇసుక మధ్య అవే వస్తువులు ప్రత్యక్షమవుతాయి. పనివాడి ఇంట్లో దీపం ముందు సరుకు, తర్వాతే ప్రతీక. దానికి తగరం కావాలి, టంకం కావాలి, వత్తి కావాలి, అమ్ముడుపోవాలి. కళావిమర్శలో ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం బొమ్మలోని ఆ దీపం గుడి దీపంకన్నా ముందు తాత చేతి దీపంగానే కనిపిస్తుంది.

ఆ తర్వాతే నూర్. 24వ సూరాలో అల్లాహ్ వెలుగును గూట్లో పెట్టిన దీపంతో పోల్చిన వాక్యం ఉంది. దీపం గాజులో, గాజు చుక్కలా, దానికి నూనె తూర్పుదీ కాని పడమరదీ కాని ఒక ఆలివ్ చెట్టుది. సూఫీలు శతాబ్దాలుగా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగారు. దర్గాలో చిరాగ్ పెట్టే సంగతి వదిలేసినా, మన పేర్లలోనే ఎంత నూర్ ఉందో చూడండి. నూర్జహాన్, నూరుద్దీన్, నూరీ. దూదేకుల వాళ్ళకు నూర్‌బాషాలని పేరు. పేరు మొదట్లో వెలుగు, చేతిలో దూది, ఇంట్లో తెలుగు. ఉర్దూ రాదని మనవాళ్ళే వాళ్ళను సగం ముస్లింలుగా చూస్తారు, సాయిబులని ఊరు పూర్తి ముస్లింలుగా చూస్తుంది. దారానికీ దీపానికీ నడుమ వేలాడేవాళ్ళను వెతుక్కుంటూ చిత్రశాలకే పోనక్కర్లేదు.

ఈ దీపం అతన్ని చివరిదాకా వదల్లేదు. 2004లో హుసేన్ తీసిన 'మీనాక్షి' సినిమా మన హైదరాబాద్‌లోనే మొదలవుతుంది. కథానాయిక టబు కూడా హైదరాబాద్ అమ్మాయే. అందులో నూర్ మాట చుట్టూ అల్లిన ఖవ్వాలీ ఉంది. అందులో ఖురాన్ పదాలు వాడారని ఉలేమాలు అభ్యంతరం చెప్పారు. హుసేన్ సినిమాను థియేటర్ల నుంచి వెనక్కి తీసేసుకున్నాడు. సరస్వతి విషయంలో స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్న మనం అప్పుడు గుసగుసలకు దిగాం. ఒకరి మనోభావాలు గూండాయిజం, మనవి మాత్రం మనోభావాలు! ఈ తక్కెడ నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఒక్క తేడా మాత్రం చెప్పి తీరాలి. ఉలేమాల అభ్యంతరంతో ఒక సినిమా ఆగింది. మరో పక్షం చేసిన దానికి మనిషే దేశం వదిలాడు. రెండూ ఒకటేనని తూచడం కూడా తప్పుడు తక్కెడే.

మళ్ళీ ఆ స్త్రీల దగ్గరికి వద్దాం. హుసేన్‌కు తల్లి ముఖం గుర్తులేదు. ఆమె ఫొటో ఒక్కటీ లేదని అతనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అతని స్త్రీల ముఖాలు చాలాసార్లు ఖాళీగా ఉండడానికి కారణం అదేనని అందరూ రాస్తారు. మదర్ థెరిసా బొమ్మల్లో ముఖం బదులు చీర అంచే ఉంటుంది. ఆ కారణం నిజమే కావచ్చు. కానీ ప్రతి ఖాళీ ముఖాన్నీ తల్లి ఖాతాలో వేస్తే చిత్రకారుడికి అది సుఖం, స్త్రీకి అన్యాయం. హుసేన్ తర్వాతి రోజుల్లో స్త్రీని జాతికీ, దేవతకూ, కళాదేవికీ గుర్తుగా వాడేశాడు. 1975 ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీని దుర్గగా వేసినప్పుడు అది వాడకం కూడా దాటి భజన అయింది. 2000లో వచ్చిన 'గజగామిని'లో మాధురీ దీక్షిత్ ఎన్ని వేషాలు కట్టినా ఒక మనిషిగా కనబడదు. నేను హుసేన్‌ను ప్రేమించే మాట నిజమే గానీ, ఆ ప్రేమ 1950ల హుసేన్ మీద. గుర్రాలను గజాల లెక్కన అమ్మిన హుసేన్ మీద అంత లేదు.

1956 నాటి ఈ ఐదుగురు ఇంకా దేనికీ గుర్తుగా మారలేదు. వాళ్ళు భారతమాతలు కారు. వాళ్ళను ముస్లిం స్త్రీలనడానికి గానీ హిందూ స్త్రీలనడానికి గానీ బట్టలో, బొట్టులో దారి దొరకదు. పాత బస్తీ ఇంటి దాలాన్‌లో కరెంటు పోయిన రాత్రి లాంతరు చుట్టూ చేరిన ఆడవాళ్ళుగా నేను వాళ్ళను చూడగలను. మా పంతులుగారు వాళ్ళను గుడి మండపంలో చూస్తారు. ఇద్దరం ఒకే బొమ్మ ముందు నిలబడతాం, ఎవరూ పక్కకు జరగాల్సిన పని లేదు. దీన్ని గంగా-జమునీ తెహజీబ్ అని మురిసిపోకండి. ఆ మాటను ఉపన్యాసాల్లో అరగదీసి చాలాకాలమైంది. బొమ్మలో కౌగిలింతలు లేవు. ఒక్క దీపం కింద నిలబడ్డారు, పలకరించుకోవడం లేదు. ఈ దేశంలో మన కలిసి బతకడం గురించి నాకు తెలిసిన నిజాయితీ గల బొమ్మల్లో ఇదొకటి.

ఆ పైన లిపి ఒకటుంది చూశారా, దాన్ని ఎవరూ చదవలేకపోయారు. బ్రాహ్మీ అన్నారు, అర్ధమాగధి అన్నారు, మరిచిపోయిన భాషేదో అన్నారు. నాకు బొమ్మలో అన్నిటికంటే నొప్పి కలిగించేది అదే. నేను కుడి నుంచి ఎడమకు ఉర్దూ చదువుతూ, ఎడమ నుంచి కుడికి తెలుగు రాస్తూ పెరిగినవాణ్ణి. ఉర్దూ పత్రికలో పనిచేసినప్పుడు నన్ను తెలుగువాడన్నారు. తెలుగు పత్రికలో చేరాక, హజ్ యాత్ర వార్తా, ముషాయిరా వార్తా, పాత బస్తీలో రాళ్ళు పడ్డ వార్తా తప్ప వేరేవి నా బల్ల మీదికి వచ్చేవి కావు. మా ఇళ్ళల్లో పిల్లలకు అమ్మమ్మ రాసిన ఉత్తరం ఇప్పుడు బొమ్మే. ఆ వంపుల అందం చూడగలరు, చదవలేరు. వాళ్ళమ్మ ఫోన్లో ఉర్దూ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. చదవరాని లిపి హుసేన్‌కు 1956లో ఒక కళాత్మక ఎత్తుగడ అయి ఉండొచ్చు, పాత శాసనాల గాంభీర్యం కోసం పెట్టి ఉండొచ్చు. మనకు అది ఇంటి సంగతి. ఆ స్త్రీల తల మీద వాళ్ళ గురించే ఏదో రాసి ఉంది, ఏం రాసిందో వాళ్ళకూ తెలియదన్నట్టు ఉంటుంది నాకు. మన గురించి రాసినవి చాలావాటిని మనం చదవలేకపోవడం కొత్త కాదు. పోలీసు రికార్డుల్లో ఏముందో, పాఠ్యపుస్తకం మార్చేటప్పుడు కమిటీ గదిలో ఏం రాసుకున్నారో మనకు ఎవరు చదివి వినిపించారు?

సెక్యులర్ మిత్రులతో ఒక పేచీ ఉంది, అదీ చెప్తాను. హుసేన్ మీద దాడి జరిగినప్పుడల్లా వాళ్ళు మొదట ఎత్తుకునేది రామాయణం. రామ్ మనోహర్ లోహియా సలహా మీద అతను రామాయణ చిత్రాలు వేశాడు, హైదరాబాద్‌లో బదరీవిశాల్ పిత్తీ ఆశ్రయమిచ్చాడు, ఎనిమిదేళ్ళలో నూటయాభై దాకా వేశాడు, కాశీ పండితులతో చర్చించాడు. కొన్నిటిని ఎడ్లబండి మీద హైదరాబాద్ దగ్గరి పల్లెకు తీసుకెళ్తే జనం ఒక్క ప్రశ్న అడక్కుండా చూశారని హుసేన్ చెప్పుకున్నాడు. అన్నీ గర్వపడాల్సిన సంగతులే. మన ఊళ్ళో జరిగినవి మరీనూ. పేచీ ఎక్కడంటే, ఇవి సాక్ష్యాలుగా మారే చోట. చూడండి, రామాయణం వేశాడు కాబట్టి ఇతను మంచి ముస్లిం, ఇతన్ని కొట్టకండి అన్నట్టుంటుంది. రామాయణం వేయని ముస్లింని కొట్టొచ్చా మరి? కర్బలా మీదా, మొహర్రం దుల్‌దుల్ మీదా అతను వేసిన బొమ్మల్ని ఆ వాదనలో ఎవరూ ఎత్తరు. అవి సాక్ష్యానికి పనికిరావు కదా. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు హుసేన్ మీది కేసులు కొట్టేస్తూ ఇచ్చిన తీర్పు ఈ సెక్యులర్ వాదనకంటే సూటిగా ఉంది. నగ్నత ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని బొమ్మను బొమ్మగా చూసి చెప్పింది, అతను ఎంత మంచి ముస్లిమో లెక్కకట్టలేదు.

తీర్పు వచ్చే నాటికే అతను దేశంలో లేడు. 2006లో వెళ్ళినవాడు 2010లో ఖతర్ పౌరుడయ్యాడు. ఆ వార్త వచ్చిన రోజు పత్రికా కార్యాలయంలో నా పక్క బల్ల మిత్రుడు "మీవాడు వెళ్ళిపోయాడటగా భాయ్" అన్నాడు. అతనిలో ద్వేషం లేదు, టీ చెప్పి మరీ అన్నాడు. అదే వారం ఒక పెళ్ళి దావత్‌లో మా మామూ అదే వార్త మీద "వో అప్నా కబ్ థా బా, బుతాఁ బనాతా సో ఆద్మీ" అని కొట్టిపారేశాడు. ఒకరికి మీవాడు, ఒకరికి మనవాడు కాడు. 2011 జూన్ 9న లండన్‌లో పోయాడు, అక్కడికి దగ్గరలోని బ్రూక్‌వుడ్‌లో పూడ్చారు. బంజారాహిల్స్‌లో అతను మోజుపడి కట్టుకున్న సినిమా ఘర్ మూతపడింది. చనిపోయాక కూడా గొడవ ఆగలేదు. 2025 జనవరిలో ఢిల్లీలో ఒక కోర్టు అతని రెండు బొమ్మల్ని స్వాధీనం చేసుకోమంది. రెండు నెలలు తిరక్కుండానే న్యూయార్క్ వేలంలో అతని 1954 నాటి 'గ్రామయాత్ర' సుమారు 138 లక్షల డాలర్లకు పోయింది. ఒక చేతికి జప్తు, ఇంకో చేతికి వేలం. అదే ఏడాది నవంబర్‌లో దోహాలో అతని పేరిట మ్యూజియం తెరిచారు. దానికి లౌహ్ వ ఖలం అని పేరు పెట్టారు. పలకా, కలమూ అని.

అహ్మదాబాద్‌లో బాలకృష్ణ దోశితో కలిసి అతను కట్టించుకున్న భూగర్భ చిత్రశాలకు గుఫా అని పేరు. 1996లో దాడి జరిగింది ఆ ఆవరణలోనే. గుహ ఉంది, సాలీడు అల్లిన తలుపే లేకపోయింది.

ఆ స్త్రీ చెయ్యి గురించి ఒక మాట మిగిలింది. ముప్ఫై ఏళ్ళుగా దేవతల చేతుల కోసం హుసేన్ బొమ్మల్ని భూతద్దం పెట్టి వెతుకుతున్నవాళ్ళు ఈ చేతి జోలికి రాలేదు. రావడానికి అక్కడ దేవత లేదు, శంఖం లేదు, వీణ లేదు. బిగుసుకున్న వేళ్ళు, దారం, కింద ఎనిమిది కాళ్ళ పురుగు. నేలకు చేరడానికి దారం చాలలేదు. వెనక్కి పైకి పాకాలంటే మళ్ళీ ఆ వేళ్ళ దగ్గరికే రావాలి. ఆమె ఇంకా విదిలించలేదు.